డెల్టా చెమ్మలో నాణేలు దాచడం: ఏ పెట్టె, ఏ హోల్డరు, ఏ చీటీ

నాణేలు భద్రపరచడం గురించి ఎవరిని అడిగినా ‘చల్లగా, పొడిగా ఉండే చోట ఉంచండి’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. శ్రావణ భాద్రపదాలలో అమలాపురంలోనో పాలకొల్లులోనో ఆ పొడి చోటు ఇంట్లో ఏ మూల ఉంటుందో మాత్రం చెప్పరు. మూత సరిగా పెట్టని జాడీలో ఉప్పు నీరుకారిపోయి, వేయించిన అప్పడం వడ్డించేలోపే మెత్తబడే ఈ గోదావరి డెల్టా ప్రాంతంలో, గాలిలోని తేమ 80 శాతం దాటడం వానాకాలమంతా మామూలే. అంతర్వేది, ఉప్పాడ వంటి తీర గ్రామాలలో దానికి ఉప్పుగాలి కూడా తోడవుతుంది. ఈ పరిస్థితిలో నాణేల సేకరణను ఇంట్లో దాచుకోవడానికి దొరికే సాధనాలలో ఏది ఎవరికి నప్పుతుంది, ఏది డబ్బు దండగ అన్నది పోల్చి చెప్పడానికే ఈ వ్యాసం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవారు సాధారణంగా మొదట అందమైన ఆల్బం కొంటారు, తర్వాత దానిని ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తారు. మన వైపు ఈ వరుస తిరగబడాలి. నాణెం ఏ హోల్డరులో ఉందన్న దానికంటే ఆ హోల్డరు ఏ పెట్టెలో ఉందన్నదే ఎక్కువ ముఖ్యం. తేమను బయట నిలిపే పెట్టె ఉంటే మామూలు అట్ట హోల్డరు కూడా పాతికేళ్లు కాపాడుతుంది. అది లేకపోతే ఎంత ఖరీదైన హోల్డరైనా మూడు వానాకాలాలు దాటేసరికి చేతులెత్తేస్తుంది.

ఈ మాట నేను అనుభవం మీదే అంటున్నాను. మా తాతగారి దగ్గరి నుంచి వచ్చిన పదకొండు వెండి రూపాయలను, ఓ ముప్పై చిల్లు కాణీలను ఇంటర్ చదివే రోజుల్లో ఒక స్టేషనరీ దుకాణంలో కొన్న మెత్తటి ప్లాస్టిక్ ఆల్బంలో సర్ది, అదేదో గొప్ప పని చేసినట్టు అటక మీద పెట్టేశాను. పన్నెండేళ్ల తర్వాత తీసి చూస్తే, కాణీలన్నిటి మీదా పచ్చటి జిగురు పట్టి, వాటిలో నాలుగు ఆల్బం పేజీకి అతుక్కుపోయి ఉన్నాయి. అంతకు ముందు నలభై ఏళ్లు ఆ కాణీలు తాతగారి గుడ్డ సంచిలో ఏ హానీ లేకుండానే ఉన్నాయన్నది నన్ను ఇప్పటికీ గుచ్చే విషయం.

ముందు లోహం చూడండి

ఏ సాధనం కొనాలన్నది మీ దగ్గర ఉన్న లోహాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, కొనే ముందు నాణేలను రాజుల వారీగా కాక లోహాల వారీగా కుప్పలు పోయండి. 1939 వరకు తేదీ ఉన్న బ్రిటిషు ఇండియా రూపాయిలో 91.7 శాతం వెండి ఉంటుంది. 1940 నుంచి 1945 వరకు ఉన్నవాటిలో అది 50 శాతమే. 1947 రూపాయి నికెల్. కాణీ 1906కు ముందు రాగి, ఆ తర్వాత కంచు. 1943 నుంచి 1947 వరకు వచ్చిన చిల్లు కాణీ కూడా కంచే. 1957లో దశాంశ పద్ధతి వచ్చాక, 1960లలో మొదలైన పైసా, రెండు పైసలు, మూడు పైసల బిళ్లలు అల్యూమినియం, అంటే మన వంటింటి సత్తు. 1990ల నుంచి రూపాయి స్టెయిన్‌లెస్ స్టీలు. ఫ్రిజ్ తలుపుకు అంటించే చిన్న అయస్కాంతం దగ్గర పెట్టుకుంటే స్టీలు, నికెల్ నాణేలు దానికి అంటుకుంటాయి, వెండి అంటుకోదు. సగం పని దానితోనే అయిపోతుంది.

వీటిలో అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావలసినవి రాగి, కంచు నాణేలు. వాటి ఉపరితలంలోకి ఉప్పు చేరి ఉంటే, తేమ తగిలినప్పుడల్లా లేత ఆకుపచ్చ పొడిలాంటి చిలుము లేచి లోహాన్ని లోపలి నుంచి తినేస్తుంది. గట్టిగా, ముదురు రంగులో, పొరలాగా పట్టిన పాత చిలుము అంత ప్రమాదం కాదు. వేలితో తాకితే పొడిగా రాలే లేత చిలుమే రోగం. చుట్టూ ఉన్న గాలిలో తేమ 40 శాతానికి లోపు ఉంటే ఈ రోగం దాదాపుగా ఆగిపోతుంది. వెండికి తేమ కంటే గంధకం పెద్ద శత్రువు: రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డలు, వార్తాపత్రికల కాగితం, మురుగు కాలవ మీదుగా వచ్చే గాలి, అన్నీ వెండిని నల్లబరుస్తాయి. రొయ్యల చెరువుల నడుమ ఇల్లున్నవారికి, చెరువు ఎండగట్టి అడుగు బురద తిరగేసే రోజుల్లో వచ్చే కుళ్లిన కోడిగుడ్డు వాసన వేరుగా వివరించనక్కరలేదు. ఆ వాసనకు మూలమైన వాయువే వెండిని నల్లబరిచేది. సత్తు పైసలు చూడటానికి అమాయకంగా ఉంటాయి గాని, ఉప్పుగాలికి వాటి మీద తెల్లటి బూజులాంటి పొడి పట్టి, తుడిచాక చిన్న చిన్న గుంటలు మిగులుతాయి. రాగి నాణేలను తాకుతూ ఉంచితే అవి మరింత త్వరగా పాడవుతాయి. శాతవాహనుల నాటి సీసపు నాణెం ఎవరి దగ్గరైనా ఉంటే, దానిని కొయ్య పెట్టెలో మాత్రం పెట్టవద్దు; కొయ్య నుంచి, ప్లైవుడ్డు నుంచి, వాటిని అతికిన తెల్ల జిగురు నుంచి నెమ్మదిగా వెలువడే పుల్లటి ఆవిరికి సీసం తెల్లని పొడిగా మారిపోతుంది.

సీసపు నాణెం ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. చెరువు తవ్వకంలోనో పునాదిలోనో పాత నాణేలు బయటపడటం మన జిల్లాలలో వింత కాదు. నేలలో దొరికిన, పది రూపాయలకు మించి విలువ చేసే నిధిని కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి చట్టం చెబుతుంది. అలాంటివి మీ పెట్టెలో ఏ హోల్డరులో ఉండాలన్న చర్చ ఆ తర్వాతిది.

పెట్టెల పోలిక

ఇంట్లో సాధారణంగా అందుబాటులో ఉండేవి నాలుగు: పాత టేకు భోషాణం, ఇనుప బీరువా, గాలి చొరని వంటింటి ప్లాస్టిక్ డబ్బా, బ్యాంకు లాకరు.

మండువా లోగిళ్లలో మిగిలిన భోషాణాలు చూడముచ్చటగా ఉంటాయి, వాటిలో నాణేలు పెట్టాలన్న కోరిక కూడా సహజమే. కాని కొయ్య తేమను పీల్చి వదులుతూ ఉంటుంది, పుల్లటి ఆవిరి కూడా వదులుతుంది. మఖమల్ గుడ్డ పరిచిన కొయ్య పళ్లాలకు కూడా ఇదే మాట వర్తిస్తుంది. వాటిలో కొయ్యతో పాటు జిగురు, గుడ్డకు వేసిన రంగు కూడా కలుస్తాయి. చుట్టాలు వచ్చినప్పుడు ఒక గంట చూపించడానికి అవి బాగుంటాయి, ఏడాది పొడవునా దాచడానికి కావు.

ఇనుప బీరువా దొంగల నుంచి కొంత, ఎలుకల నుంచి పూర్తిగా కాపాడుతుంది గాని తేమను ఆపదు. తలుపు సందుల్లోంచి గాలి ధారాళంగా ఆడుతుంది. పైగా మన ఇళ్లలో బీరువా మీద మొదటి హక్కు పట్టుచీరలది, చీరల మధ్య నాఫ్తలీన్ ఉండలు వేయడం ఆనవాయితీ. ఆ ఉండల ఆవిరి కొన్ని రకాల గట్టి ప్లాస్టిక్ హోల్డర్లను మెత్తబరిచి మసకబారుస్తుంది. చీరలు ఖాళీ చేయించడం ఎవరి తరమూ కాదు కాబట్టి, నాణేలను గాలి చొరని డబ్బాలో మూసి, ఆ డబ్బాను బీరువాలో పెట్టడమే రాజీ మార్గం. బీరువాను బయటి గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల ఎడం ఉంచాలి; వానకు తడిసిన గోడ చెమ్మ నేరుగా ఇనుముకు ఎక్కుతుంది. పూజగదిలోని అల్మారా మాత్రం వద్దు. ధూపం, కర్పూరం మసి, నూనె ఆవిరి, మూడూ అక్కడే ఉంటాయి.

చాలామంది నవ్వే ఎంపికే నా దృష్టిలో అన్నిటికంటే మంచిది: నాలుగు పక్కలా కొక్కేలు ఉండి, మూత చుట్టూ సిలికోన్ పట్టీ ఉన్న పాలీప్రొపిలీన్ వంటింటి డబ్బా. ఆ పట్టీ నల్ల రబ్బరుది కాకుండా చూసుకోవాలి, ఎందుకంటే రబ్బరులో గంధకం ఉంటుంది. డబ్బా కొత్తదై ఉండాలి. పచ్చడి వాసన వేసిన డబ్బాలో ఎంత కడిగినా ఉప్పూ నూనే మిగిలే ఉంటాయి. అందులో సిలికా జెల్ ఒక చిన్న గుడ్డ సంచిలో వేసి, పక్కన చేతి గడియారమంత డిజిటల్ తేమ మీటరు ఒకటి, దాని అంకె బయటికి కనిపించేలా పెట్టండి. ఈ మీటర్లు చౌకవి, అబద్ధాలు కూడా చెబుతాయి. కనుక మొదట ఒకసారి పరీక్షించాలి: ఒక చిన్న మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేటన్ని నీటి చుక్కలు వేసి, మీటరుతో కలిపి వేరే డబ్బాలో ఒక పూటంతా మూసి ఉంచితే అది 75 చూపించాలి. 80 చూపిస్తే ఆ మీటరు ఐదు ఎక్కువ చెబుతున్నట్టు, తర్వాత చూసే ప్రతి అంకె నుంచీ ఐదు తీసేయడమే. ఉప్పు ఉన్న ఆ డబ్బాను మళ్లీ నాణేలకు వాడకండి.

సిలికా జెల్‌లో నారింజ రంగు గింజలది తీసుకోవడం మేలు. నీలి రంగు గింజలలో ఉండే కోబాల్టు సమ్మేళనం విషపూరితం, పిల్లలున్న ఇంట్లో దానితో ఎందుకు తంటా. గింజల రంగు మారిందంటే అవి తేమ తాగి నిండాయని అర్థం. వాటిని ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తాయి. ఓవెన్ లేనివారు వంటకు వాడని పాత మూకుడులో సన్నని సెగ మీద కలుపుతూ వేడి చేయవచ్చు. ఎండలో ఆరబెడితే చాలదు. మన ఎండ వేడిగానే ఉంటుంది గాని గాలి పొడిగా ఉండదు. ఇక్కడ ఒక హెచ్చరిక. బట్టల బీరువాలలో పెట్టుకోమని అమ్మే తేమ పీల్చే డబ్బాలలో ఎక్కువ వాటిలో ఉండేది కాల్షియం క్లోరైడు. అది తేమ తాగి ఉప్పునీరై అడుగున చేరుతుంది. ఆ డబ్బా ఒక్కసారి ఒరిగిందంటే సముద్రపు నీళ్లు పోసినదానికంటే ఎక్కువ నష్టం. నాణేలున్న అరలో అది ఉండకూడదు.

ఏసీ గది మంచిదే గాని అందులోనూ ఒక తిరకాసు ఉంది. చల్లబడిన నాణేన్ని ఉక్కపోతగా ఉన్న హాలులోకి తెచ్చి డబ్బా మూత తీస్తే, కూల్‌డ్రింకు సీసా మీద పట్టినట్టే నాణెం మీద నీటి ఆవిరి పడుతుంది. డబ్బాను మూత తీయకుండా గంటసేపు బయట ఉంచి, ఆ తర్వాత తెరవాలి.

ఇక లాకరు. దొంగతనం భయం ఎక్కువగా ఉన్నవారికి, బంగారు నాణేలు ఉన్నవారికి లాకరు తప్పదు. కాని డెల్టా వాసులు గమనించవలసింది ఒకటుంది: 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, భవనం కూలడం, ఉద్యోగుల మోసం వంటి వాటికి బ్యాంకు లాకరు వార్షిక అద్దెకు వంద రెట్ల వరకు బాధ్యత వహిస్తుంది, వరద వంటి ప్రకృతి వైపరీత్యాలకు, బ్యాంకు తన వంతు జాగ్రత్త తీసుకున్నంత వరకు, బాధ్యత ఉండదు. కాబట్టి లాకరు ఎంచుకునేటప్పుడు ఆ గది ఏ అంతస్తులో ఉందో, మీ లాకరు పై వరుసలో ఉందో నేలకు ఆనుకుని ఉందో అడిగి తెలుసుకోండి. లాకరులోనూ నాణేలను సిలికా జెల్ వేసిన డబ్బాలోనే పెట్టండి, ఎందుకంటే అక్కడికి మీరు ఏడాదికి రెండుసార్లకు మించి వెళ్లరు.

హోల్డర్ల పోలిక

హోల్డరు విషయంలో ఒకే ఒక్క నిషేధం ఉంది, అది పీవీసీ. మెత్తగా వంగడానికి అందులో కలిపే నూనెలాంటి పదార్థం కాలక్రమేణా పైకి ఊరుతుంది, ఆ ప్లాస్టిక్ నుంచి హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా వెలువడుతుంది. రెండూ కలిసి రాగి మీద పచ్చటి జిగురవుతాయి. మా తాతగారి కాణీలకు జరిగింది అదే. కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చే ప్లాస్టిక్‌ను, గాజులా మెరుస్తూ అరిటాకులా వంగే ప్లాస్టిక్‌ను అనుమానించండి. ఇంట్లో చేయగలిగిన పరీక్ష ఒకటుంది. హోల్డరు అంచు నుంచి గోరంత ముక్క కత్తిరించి, గాలి బుడగలు అంటకుండా ఒక చుక్క సబ్బు వేసిన నీటిలో ముంచి వదలండి. తేలితే అది పాలీప్రొపిలీన్ లేదా పాలిథీన్, రెండూ నాణేలకు మంచివే. మునిగితే తీర్పు చెప్పలేం, ఎందుకంటే పీవీసీ మునుగుతుంది, మంచిదైన పాలియెస్టరు కూడా మునుగుతుంది. అప్పుడు తాకి చూస్తే పాలియెస్టరు కరకరలాడుతుంది, పీవీసీ మెత్తగా సాగుతుంది.

ఇప్పటికే పచ్చజిగురు పట్టిన నాణెం ఉంటే, రసాయనాల దుకాణంలో దొరికే స్వచ్ఛమైన అసిటోనులో, గాజు గిన్నెలో, కాసేపు నానబెట్టి, రుద్దకుండా తీసి గాలికి ఆరనివ్వాలి. గోళ్ల రంగు తుడిచే ద్రవం దానికి బదులు కాదు, అందులో వేరే నూనెలూ వాసనలూ కలుస్తాయి. అసిటోను నిప్పు దూరం నుంచే అంటుకునే ద్రవం. వంటింట్లో కాదు, వరండాలో చేయవలసిన పని. అంతకు మించి ఏ శుభ్రతా చేయవద్దు. రాగి చెంబులు తోమినట్టు చింతపండుతో తోమిన విక్టోరియా కాణీ తళతళా మెరుస్తుంది గాని దాని విలువ ఆ తోముడుతోనే పోతుంది. లక్ష్మీపూజలో పసుపూ కుంకుమా అద్దుకున్న రామటంకాలను (రాముడి బొమ్మ ఉన్న పూజా బిళ్లలను), వెండి రూపాయలను మాత్రం డబ్బాలో పెట్టేముందు డిస్టిల్డ్ నీటిలో ముంచి, మెత్తని గుడ్డ మీద ఒత్తి ఆరబెట్టడం అవసరం. వచ్చే ఏడాది పూజకు వేరే రూపాయి కేటాయించుకుంటే ఇంకా మేలు.

నిషేధం సంగతి తేలాక, ఎంపిక ముఖ్యంగా మూడింటి మధ్య. రెండు అంగుళాల చదరపు అట్ట హోల్డరు మధ్యలో పాలియెస్టరు కిటికీ ఉంటుంది. నాణెం రెండు పక్కలా కనిపిస్తుంది, అట్ట మీద రాసుకోవచ్చు, చాలా చౌక. వందల నాణేలున్నవారికి ఇదే దారి. దీని బలహీనత పిన్నులది: డెల్టా తేమకు స్టేప్లరు పిన్ను ఒకటి రెండేళ్లలో తుప్పు పట్టి అట్టకు మరక చేస్తుంది, పొడుచుకు వచ్చిన కొస పక్క హోల్డరులోని నాణేన్ని గీరుతుంది. పిన్నులు కొట్టాక కటింగ్ ప్లేయరుతో నొక్కి చదును చేయాలి. నాణెం తీసేటప్పుడు అట్టను చింపకుండా ముందు పిన్నులన్నీ ఊడదీయాలి. పిన్నులు అక్కరలేని అంటుకునే రకం కూడా వస్తుంది గాని, రాజమహేంద్రవరం మే నెల ఎండకు ఆ జిగురు కరిగి నాణెం వైపు జరగదన్న నమ్మకం నాకు లేదు. గాలి చొరని డబ్బాలో ఉంచితే పిన్ను తుప్పు సమస్య ఎలాగూ తగ్గిపోతుంది, కనుక నా ఓటు పిన్నుల రకానికే.

గట్టి గుండ్రటి క్యాప్సూలు నాణేన్ని చేతి చెమట నుంచి, గీతల నుంచి బాగా కాపాడుతుంది. ఇది అక్రిలిక్‌తో చేసిందై ఉండాలి. ఒక్కొక్క దాని ధరకు అట్ట హోల్డర్లు అనేకం వస్తాయి కాబట్టి అన్ని నాణేలకూ అవసరం లేదు. వెండి రూపాయలకు, బాగా నిలిచి ఉన్న ఈస్టిండియా కంపెనీ కాలపు 1835 కాలణాకు, కొత్తగా మెరిసే స్మారక నాణేలకు పెట్టండి. కొలత తప్పితే నాణెం లోపల గలగలమని కొట్టుకుంటుంది. వెండి రూపాయి వ్యాసం 30 మిల్లీమీటర్లు దాటుతుంది, పది రూపాయల రెండు లోహాల నాణెం 27 మిల్లీమీటర్లు. స్కేలుతో కొలుచుకుని కొనండి. క్యాప్సూలు నీరు చొరని సాధనమని మాత్రం అనుకోవద్దు.

మూడవది ఆల్బం. పాలీప్రొపిలీన్ పేజీలదైతే హాని లేదు, పిల్లలకు చూపించడానికి సుఖం, వరుస క్రమం కంటికి ఆనుతుంది. కాని బరువుగా, పెద్దగా ఉంటుంది, గాలి చొరని డబ్బాలో పట్టదు, పేజీ తిప్పినప్పుడల్లా నాణెం జారుతుంది. కాబట్టి మన వాతావరణంలో ఆల్బం స్టీలు రూపాయలకు, ఈ కాలపు నాణేలకు, పిల్లల సరదాకు. రాగికీ వెండికీ కాదు. ఒకే రకానివి కుప్పలుగా ఉంటే పాలీప్రొపిలీన్ గొట్టాలు చాలు. నాణెం అసలుదో కాదో, ఎంత బాగా నిలిచిందో తేల్చే విదేశీ గ్రేడింగ్ సంస్థలు సీలు వేసి ఇచ్చే గట్టి ప్లాస్టిక్ పలకలు చాలా అరుదైన నాణెం అమ్మదలచినవారికే అక్కరకొస్తాయి, ఇంటి సేకరణకు ఆ ఖర్చు వృథా.

చీటీ ఎక్కడ, ఏమని

ఈ విషయంలో సేకర్తలు రెండు వర్గాలు. ఒక వర్గం హోల్డరు మీదే మొత్తం సమాచారం రాస్తుంది. రెండవ వర్గం అంతా ఫోనులోనో కంప్యూటరులోనో పెట్టుకుంటుంది. మొదటి పద్ధతిలో హోల్డరు పాడైతే సమాచారమూ పోతుంది, రెండవ పద్ధతిలో ఫోను పోయినా, ఫోను తెరిచే పాస్‌వర్డు ఉన్న మనిషి పోయినా అదే గతి. హోల్డరు మీద ఒక్క సంఖ్య, గట్టి అట్ట వేసిన రిజిస్టరులో ఆ సంఖ్య ఎదుట పూర్తి వివరం, ఫోనులో ఆ రెంటి ఫోటోలు ఉంచడం ఈ రెంటికంటే మేలైన దారి. సంఖ్య అంటే సేకరించిన ఏడాది, దాని పక్కన వరుస అంకె: 2024-17 అంటే 2024లో వచ్చిన పదిహేడవ నాణెం. ఒకసారి ఇచ్చిన సంఖ్యను ఎన్నడూ వేరే నాణేనికి ఇవ్వకూడదు. నాణెం ఎవరికైనా ఇచ్చేస్తే రిజిస్టరులో గీత కొట్టి, ఎవరికి ఎప్పుడు ఇచ్చామో రాసి వదిలేయాలి.

దేనితో రాయాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. జెల్ పెన్ను సిరా చెమ్మకు పాకుతుంది, బాల్‌పెన్ను సిరా ఏళ్ల తరబడి ఊరి కాగితం వెనక్కి దిగుతుంది, స్కెచ్ పెన్ను వాసన ప్లాస్టిక్‌ను దాటి లోపలికి పోతుంది, ఇంక్‌జెట్ ప్రింటరు అక్షరాలు ఒక్క తడి వేలికే చెరిగిపోతాయి, దుకాణం రసీదుల వంటి వేడి ముద్రణ రెండేళ్లలో తెల్లకాగితమవుతుంది. మామూలు పెన్సిలు గీత మాత్రం నీటిలో మునిగినా చెదరదు. అట్ట హోల్డరు మీద పెన్సిలుతో, నాణెం లోపల పెట్టకముందే రాసుకోవాలి. పెట్టాక రాస్తే ఒత్తిడికి నాణెం మీద గీత పడుతుంది. కంప్యూటరు చీటీలు కావాలనుకునేవారు లేజర్ ప్రింటు తీయించుకోవచ్చు. నాణేనికి నేరుగా సెల్లోటేపు అంటించడం, గమ్ము పూయడం ఎలాంటి పరిస్థితిలోనూ చేయకూడని పనులు.

రిజిస్టరులో ఏం రాయాలన్న దగ్గర నేను కాస్త ఎక్కువ చెప్పదలచాను. ఎవరు వేయించారు, విలువ ఎంత, లోహం ఏది, బరువు ఎంత అన్నవి నాణేన్ని చూసి ఎవరైనా ఎప్పుడైనా తెలుసుకోగలరు, కాబట్టి వాటిని క్లుప్తంగా రాస్తే సరిపోతుంది. సంవత్సరాన్ని నాణెం మీద ఉన్నట్టే రాయండి, లెక్క కట్టినది పక్కన రాయండి: హైదరాబాదు నిజాముల హాలీ సిక్కా నాణెం మీద 1330 అని ఉంటే మొదట 1330 హిజ్రీ, ఆ పక్కన 1911-12. టంకశాల గుర్తు మరవకండి. స్వతంత్ర భారత నాణేలలో సంవత్సరం కింద వజ్రం ఆకారముంటే ముంబై, నక్షత్రముంటే హైదరాబాదు, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. మీకు తప్ప ఇంకెవరికీ తెలియనిది ఆ నాణెం మీ చేతికి వచ్చిన దారి. ‘అమ్మమ్మ కొంగుముడిలోది, రాజోలు’, ‘యానాంలో మామయ్య ఇంటి మట్టిముంతలో దొరికింది’, ‘2019లో కొన్నది, ఇంత ధర’ అన్న ఒక్క వరుస రాయకపోతే అది మీతోనే పోతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నంతలోనే వాళ్ల పక్కన కూర్చుని అడిగి రాసుకోవలసిన సమాచారం ఇది. భాష విషయంలో పట్టింపు అవసరం లేదు. ఇంట్లో మీ తర్వాత ఆ పెట్టె తెరవబోయేవారు ఏ లిపి చదవగలరో అందులో రాయండి.

ఫోటోలు రెండు పక్కలవీ తీసి, వేరే ఊళ్లో ఉన్న కొడుకుకో కూతురుకో పంపి ఉంచండి. దొంగతనం జరిగితే ఫిర్యాదులో చూపించడానికి అవే ఆధారం. వాటిని ఊరి పేరుతో సహా అందరికీ కనిపించేలా పెట్టడం మాత్రం దొంగకు ఆహ్వానపత్రిక పంపినట్టే.

ఏటిగట్టు దిగువన ఇల్లున్నవారికి

1986 ఆగస్టు వరద చూసినవారు, 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు లంక గ్రామాలు మునగడం చూసినవారు ఈ భాగాన్ని తేలిగ్గా తీసుకోరు. వరద హెచ్చరిక వచ్చినప్పుడు బియ్యం, పశువులు, ముసలివారు, కాగితాలు అన్నీ ఒకేసారి కదలాలి. అప్పుడు నాణేల పెట్టె ఒక్క చేత్తో ఎత్తి మేడ మెట్లెక్కించగలిగినంత బరువే ఉండాలి. వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే 86 రూపాయలకే కిలో. హోల్డర్లతో కలిపి ఒక డబ్బా ఐదు కిలోలు మించకుండా చూసుకుని, అంతకంటే ఎక్కువ ఉంటే రెండు డబ్బాలుగా విడగొట్టండి. ఎప్పుడూ బీరువా మధ్య అరకు కింద పెట్టవద్దు. రిజిస్టరును జిప్ సంచిలో పెట్టి, నాణేల డబ్బాలో కాకుండా ఇంటి పత్రాలతో ఉంచితే రెండూ ఒకేసారి పోయే ప్రమాదం తప్పుతుంది.

ఒకవేళ తడిస్తే, ముందు అట్ట హోల్డర్లన్నీ కత్తిరించి నాణేలను బయటకు తీయాలి, ఎందుకంటే తడి అట్ట నాణేన్ని పట్టుకుని వదలదు. సంఖ్య ఉన్న అట్ట ముక్కను నాణెం పక్కనే ఉంచుతూ, ఒక్కొక్క దానిని డిస్టిల్డ్ నీటిలో రెండు మూడు సార్లు ముంచి బురదను కదిలించి, రుద్దకుండా, మెత్తని గుడ్డతో అద్ది, ఫ్యాను కింద ఒక రోజంతా ఆరనివ్వాలి. రాగి, కంచు ముందు, స్టీలు ఆఖరున.

డబ్బా సర్దడానికి మంచి రోజు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మూత వేసేటప్పుడు లోపల చిక్కేది ఆ పూట గాలే. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, పడమటి గాలి వీచే పూట, డెల్టాలో ఏడాది మొత్తం మీద గాలి పొడిగా ఉండే సమయాలలో ఒకటి. తీర గ్రామాలవారు మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగకముందే పని ముగించుకోవాలి. ఆ వేడికి చేతులకు చెమట పట్టడం ఖాయం కాబట్టి పక్కన పొడి తువాలు ఉంచుకుని, నాణేన్ని ముఖం మీద తాకకుండా అంచులు మాత్రమే పట్టుకుని, మంచం మీద పరచిన దుప్పటి పైన సర్దండి. మళ్లీ వినాయక చవితికి, దీపావళికి ఒక్కొక్కసారి డబ్బా బయటి నుంచే మీటరు చూస్తే చాలు. అంకె 40 దాటితే సిలికా జెల్ మార్చవలసి వచ్చినట్టు. దాటకపోతే మూత తీయకండి.